రుతువుకు వదిలిన చోటు

1837 ఏప్రిల్ 24. సూరత్‌లో ఎండలు మండుతున్న రోజులు. మచ్ఛలీపీఠ్ ప్రాంతంలో ఒక పార్సీ వర్తకుడి ఇంట్లో కాగుతున్న తారుకు మంట అంటుకుంది. అప్పటి సూరత్ ఇళ్లలో చెక్క పని ఎక్కువ. ఇరుకు వీధులు, ఒకదానికొకటి ఆనుకున్న మేడలు. అక్టోబరు నుంచి చినుకు ఎరగని ఆ కలప పెళపెళా అంటుకుంది. మంటలు చల్లారేసరికి తొమ్మిది వేలకు పైగా ఇళ్లు బూడిదయ్యాయి.

కాలిన గోడలు ఇంకా లేవనే లేదు. అదే ఏడాది వానాకాలం చివర్లో తాపీ నది అంతకుముందెన్నడూ ఎరగనంత ఎత్తుకు పొంగింది. నగరం దాదాపు అంతా మునిగింది. చుట్టుపక్కల పల్లెలు మైళ్ల కొద్దీ సముద్రంలా కనిపించాయి. ఎండాకాలం వదిలిపెట్టినదాన్ని వానాకాలం పట్టుకుపోయింది. ఈ రెండు దెబ్బలతో చాలామంది జైన, పార్సీ వర్తకులు మూటాముల్లె సర్దుకుని బొంబాయికి మకాం మార్చారు.

ఒకే ఏడాదిలో నిప్పు, నీరు. విడివిడిగా చూస్తే రెండు ప్రమాదాలు. పంచాంగం పక్కన పెట్టుకుని చూస్తే మాత్రం ఒకే కథకు రెండు కొసలు. సూరత్ చరిత్రలో ఏ పుట తిప్పినా నెల పేరు తప్పకుండా చూడాలి. ఓడ ఎప్పుడు వచ్చింది, కరువు ఎప్పుడు మొదలైంది, సత్యాగ్రహి ఉప్పు ఎప్పుడు తీశాడు, వరద ఎప్పుడు ముంచింది అన్నవన్నీ అక్కడి రుతువులు నిర్ణయించినవే. ఆ రుతువులకు మనిషి ఎంత చోటు వదిలాడన్నదే ఆ ఊరి సుఖదుఃఖాల లెక్క.

నాలుగు నెలల వాన, నాలుగు మెట్ల నేల

గుజరాతీలు వానాకాలాన్ని చోమాసు అంటారు. అంటే నాలుగు మాసాలు. మన చాతుర్మాస్యమే ఆ మాటకు మూలం. చలికాలం శియాళో, ఎండాకాలం ఉనాళో. జూన్ రెండో సగంలో అరేబియా సముద్రం మీంచి నైరుతి వస్తుంది. జూలైలో ఉధృతంగా కురుస్తుంది. సెప్టెంబరు చివరికల్లా వెనుదిరుగుతుంది. ఏడాది వానలో నూటికి తొంభై పాళ్లకు పైగా ఈ నాలుగు నెలల్లోనే పడాలి.

కోస్తా ఆంధ్ర రైతుకు ఇక్కడొక తేడా కనిపిస్తుంది. నైరుతి మొహం చాటేసినా, అక్టోబరు నుంచి ఈశాన్య రుతుపవనాలు ఎంతో కొంత ఆదుకుంటాయని మన తీరంలో ఆశ ఉంటుంది. సూరత్ రైతుకు ఆ రెండో ఆశ లేదు. చోమాసు తప్పితే మళ్లీ చోమాసు దాకా ఆగాల్సిందే.

జిల్లా అంతా వాన ఒకేలా పడదు. పడమటి అంచున ఓల్పాడ్ తాలూకా ఉంది. ఖంభాత్ సింధుశాఖను ఆనుకున్న చవిటి నేల. అక్కడ ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్లకు అటూ ఇటూగా కురుస్తుంది. సూరత్ నగరానికి 1,200 దరిదాపులు. తూర్పుకు వెళ్లేకొద్దీ కామ్రేజ్, బార్డోలీల నల్లరేగడి మైదానం, ఆపైన మాండ్వీ, చివర సాత్పురా అంచుల్లోని ఉమర్‌పాడా. వసావా, గామిత్, చౌధరీ ఆదివాసుల ఊళ్లు అక్కడ ఎక్కువ. ఉమర్‌పాడాలో వాన రెండు వేల మిల్లీమీటర్లు దాటే ఏడాదులు అరుదేమీ కాదు. ఒకే జిల్లాలో, ఒక్క పూట బస్సు ప్రయాణంలో, వాన రెట్టింపవుతుంది.

అయినా వాన ఎక్కువ పడిన చోట సంపద ఎక్కువ లేదు. కొండవాలు మీద పడ్డ నీరు నిలవదు, కిందికి జారిపోతుంది. ఆ నీటి వెంటే మనుషులూ దిగివస్తారు. వానలు వెనుదిరిగాక చెరకు కోతల కోసం డాంగ్ అడవుల నుంచి, మహారాష్ట్ర ఖాందేశ్ నుంచి వేలాది కుటుంబాలు పిల్లాజెల్లాతో సూరత్ మైదానంలోకి వస్తాయి. కోయిటా అంటే చెరకు నరికే కత్తి. ఆ కత్తి పేరుతోనే వాళ్లను పిలుస్తారు. ఎండలు ముదిరాక మళ్లీ కొండ ఎక్కుతారు.

ఓడలకూ ఒక పంచాంగం

పదిహేడో శతాబ్దంలో మొగలు సామ్రాజ్యానికి సముద్రద్వారం సూరత్. హజ్ యాత్రికులు ఇక్కడే ఓడ ఎక్కేవారు. కాని పెద్ద ఓడలు తాపీలోకి రాలేవు. నదీముఖంలో ఇసుక మేటలు అడ్డం. అందుకే నగరానికి పడమరగా, సువాలి తీరంలో ఇసుక దిబ్బ చాటున ఉన్న లోతైన పాయలో లంగరు వేసేవి. యూరోపియన్లు ఆ చోటును స్వాలీ అన్నారు.

నైరుతి గాలి వీచే నెలల్లో ఆ తీరంలో ఏ ఓడకూ భద్రత లేదు. అలలు నేరుగా ఒడ్డు మీదికి తోస్తాయి. కాబట్టి ఓడల కాలం వానల చివర మొదలై ఏప్రిల్‌తో ముగిసేది. ఆ నెలల్లో సువాలి ఇసుక మీద గుడారాలు, వెదురు పాకలు వెలిసేవి. బనియాలు దుకాణాలు తెరిచేవారు. ఎద్దుబళ్లు నగరానికీ తీరానికీ మధ్య బట్టల మూటలు, నీలిమందు మోసేవి. వేసవి చివర అన్నీ విప్పేసి వెళ్లిపోయేవారు. నాలుగు నెలలు ఆ తీరం అలలదే.

ఆనాటి తేదీలు చూడండి. ఇంగ్లిష్ ఈస్టిండియా కంపెనీ ఓడ హెక్టర్‌లో విలియం హాకిన్స్ సూరత్ చేరింది 1608 ఆగస్టు చివర్లో. సువాలి దగ్గర ఇంగ్లిష్, పోర్చుగీసు ఓడలు తలపడింది 1612 నవంబరులో. జహంగీర్ దర్బారుకు రాయబారిగా వచ్చిన థామస్ రో అదే తీరంలో దిగింది 1615 సెప్టెంబరులో. ఏ ఒక్కరూ జూలైలో రాలేదు. సముద్రపు దొంగలకూ ఈ పంచాంగం తెలుసు. మక్కా నుంచి తిరిగి వస్తున్న మొగలు ఓడ గంజ్-ఇ-సవాయీని హెన్రీ ఎవరీ ముఠా దోచుకున్నది 1695 సెప్టెంబరులో. యాత్రికుల ఓడలు ఏ గాలికి ఇంటి ముఖం పడతాయో తెలిసే వాళ్లు కాపు కాశారు.

ఆకాశం పలకని ఏడు

1630లో చోమాసు రాలేదు.

గుజరాతీలు ఆ కరువును సత్యాసియో కాళ్ అంటారు. విక్రమ శకం 1687లో వచ్చింది కనుక ఆ పేరు. ఒక్క ఏడాది వాన తప్పితే మళ్లీ ఏడాది వరకూ గింజ లేదు. 1631లో వాన వచ్చింది గాని, అవసరానికి మించి వచ్చి మొలకను కుళ్లబెట్టింది. వెనకే జ్వరాలు వచ్చాయి. ఇంగ్లిష్ కోఠీ (వర్తక కేంద్రం) ఉద్యోగి పీటర్ మండీ 1630 నవంబరులో సూరత్ నుంచి ఆగ్రాకు బయలుదేరి, దారి పొడవునా ఖాళీ అయిన ఊళ్లను, వీధుల్లో శవాలను చూసి రాసిపెట్టాడు. గోడల లోపల ఉన్నవాళ్లకూ రక్షణ లేకపోయింది. సూరత్ కోఠీ అధ్యక్షుడు థామస్ రాస్టెల్ 1631లో అక్కడే చనిపోయాడు.

ఆ రోజుల్లో షాజహాన్ బుర్హాన్‌పూర్‌లో ఉన్నాడు. దక్కన్ దండయాత్ర కోసం వచ్చిన మకాం అది. బుర్హాన్‌పూర్ కూడా తాపీ ఒడ్డునే ఉంది. 1631 జూన్‌లో ముంతాజ్ మహల్ కన్నుమూసింది అక్కడే. ప్రపంచమంతా తాజ్‌మహల్ గురించి చెప్పుకుంటుంది. అదే ఏడాది అదే నది పొడవునా పేరులేని జనం ఎందరు పోయారో ఆ కథలో ఉండదు. బుర్హాన్‌పూర్, అహ్మదాబాద్, సూరత్‌లలో చక్రవర్తి గంజి కేంద్రాలు పెట్టించాడని, శిస్తు కొంత మాఫీ చేశాడని ఆస్థాన చరిత్ర బాద్‌షానామా చెబుతోంది. చేసిన సాయం నిజమే. పోయిన ప్రాణాల ముందు అది చాలలేదు.

ఈ కరువుకు మన తీరంతో సంబంధం ఉంది. గుజరాత్ సాలెవాళ్లు చనిపోయారు, బతికినవాళ్లు వలసపోయారు. బట్ట దొరక్క కంపెనీలు వేరే రేవుల వైపు చూశాయి. 1611 నుంచే ఇంగ్లిష్ కోఠీ ఉన్న మచిలీపట్నం అలాంటి రేవు. గోల్కొండ రాజ్యమూ ఆ కరువు దెబ్బ తిన్నదే. అయినా తర్వాతి ఏళ్లలో కోరమాండల్ బట్ట ప్రాముఖ్యం పెరిగింది. గుజరాత్‌లో మబ్బు పట్టకపోతే కృష్ణా తీరపు మగ్గం మీద బరువు పడిందన్నమాట.

ఈ రెండు రేవుల భయాలూ వేరు. బందరుకు ముప్పు సముద్రం నుంచి. 1864 నవంబరు తుపాను ఉప్పెనలో అక్కడ 30 వేల మంది కొట్టుకుపోయారని చెబుతారు. సూరత్‌కు ముప్పు వెనక నుంచి, నది నుంచి.

శిస్తు, ఉప్పు

సూరత్ మైదానం నల్లరేగడి. వానకు ఉబ్బి, ఎండకు నెర్రెలిస్తుంది. జూన్, జూలైలలో విత్తిన దేశవాళీ పత్తి, వానలు పోయాక కూడా ఆ మట్టి దాచుకున్న తేమతోనే బతికి, ఫిబ్రవరి తర్వాత తీతకు వచ్చేది. గుంటూరు, కర్నూలు రైతుకు ఈ లెక్క విడమరచి చెప్పక్కర్లేదు. పంట ఆకాశం దయ, మట్టి ఓర్పు. ప్రభుత్వం శిస్తు మాత్రం అంకెల్లో ఉండేది.

1922లో గాంధీజీ పన్నుల నిరాకరణకు బార్డోలీ తాలూకానే ఎంచుకున్నారు. అదే సమయంలో గుంటూరు జిల్లా పెదనందిపాడులో పర్వతనేని వీరయ్య చౌదరి నాయకత్వంలో రైతులు శిస్తు కట్టం అని నిలబడ్డారు. రెండూ నల్లరేగడి సీమలే. చౌరీచౌరా ఘటనతో ఫిబ్రవరిలో ఉద్యమం ఆగిపోయింది. ఆరేళ్లు గడిచాక బార్డోలీకి మళ్లీ వంతు వచ్చింది. భూమి శిస్తును 22 శాతం పెంచినందుకు, 1928 ఫిబ్రవరి 12న వల్లభ్‌భాయ్ పటేల్ సారథ్యంలో రైతులు చెల్లింపు మానేశారు. జప్తులు జరిగాయి. పశువులను తోలుకుపోకుండా మనుషులూ పశువులూ ఒకే ఇంట్లో తలుపులు బిగించుకుని ఎండాకాలమంతా గడిపారు. ఆగస్టులో, పొలాలు పచ్చబడిన వేళ, ప్రభుత్వం విచారణకు దిగివచ్చింది. పటేల్‌కు సర్దార్ అన్న పేరు స్థిరపడింది ఆ పోరాటంతోనే.

మరో రెండేళ్లకు ఉప్పు. దండి గ్రామం అప్పట్లో సూరత్ జిల్లాలోదే, ఇప్పుడు నవ్‌సారీ జిల్లాలో ఉంది. గాంధీజీ 1930 మార్చి 12న సబర్మతి నుంచి నడక మొదలుపెట్టి, ఏప్రిల్ 1న సూరత్ చేరి, 5న దండిలో అడుగుపెట్టారు. మర్నాడు ఉప్పు తీశారు. ఏప్రిల్ 6ను ఎంచుకోవడానికి కారణం జాతీయ వారోత్సవం. అయినా ప్రకృతి ఆ తేదీకి సహకరించింది. ఖంభాత్ ప్రాంతపు ఆటుపోట్లు దేశంలోనే అతి పెద్దవి. పోటు నీరు పర్రల మీదికి వచ్చి, ఆటుకు వెనక్కి పోయి, వేసవి ఎండకు ఆరితే ఉప్పు తెల్లగా పేరుకుంటుంది. జూలైలో అదే నేల మీద ఉప్పు గల్లు కూడా మిగలదు. ఎండాకాలం పేదవాడికి ఉచితంగా ఇచ్చే పంట అది. దాని మీద పన్ను వేయడమంటే రుతువు చేతిలోంచి లాక్కోవడమే.

పోంక్ వాసన

ఆపదల గురించి ఇంతసేపు చెప్పాక ఈ నేల ఇచ్చే సుఖం గురించి చెప్పకపోతే అన్యాయం. సూరత్‌లో శియాళో రోజులు చూడాలి. డిసెంబరు వచ్చేసరికి గాలిలో తేమ తగ్గి, పొద్దుటి పూట శాలువా కప్పుకునే చలి పడుతుంది. ఓల్పాడ్ వైపు పొలాల్లో లేత జొన్న కంకులు పాలు తొణికిసలాడుతుంటాయి. వాటిని కోసి, వేడి నిప్పు కొలిమిలో కాల్చి, గుడ్డసంచిలో వేసి కొడితే పచ్చటి మెత్తటి గింజలు రాలతాయి. అదే పోంక్. మన ఊచబియ్యమే. పొలం గట్టు మీద జొన్న కంకి కాల్చి అరచేతుల మధ్య నలిపి ఊదుకుని తిన్నవాళ్లకు ఆ వాసన గుర్తు చేయనక్కర్లేదు. సూరతీలు దానికి నిమ్మ, మిరియాల సేవ్ కలిపి, మజ్జిగతో తింటారు. తాపీ ఒడ్డున అడాజణ్‌లో ఈ రెండు మూడు నెలలూ పోంక్ అమ్మే పాకలు వెలుస్తాయి. సువాలి గుడారాల్లాగే ఇవీ రుతువుతో వచ్చి రుతువుతో వెళ్లేవే.

సంక్రాంతికి వాళ్ల ఉత్తరాయణ్, గాలిపటాలు. ఆ రోజు ప్రతి ఇంట్లో ఊంధియూ ఉడుకుతుంది. ఊంధు అంటే తలకిందులు. కుండలో పాప్డీ చిక్కుళ్లు, కందలు, వంకాయలు నింపి, గోతిలో తలకిందులుగా పెట్టి పైన మంట వేయడం పాత పద్ధతి. చలికాలపు కూరగాయలన్నీ ఒక్క కుండలోకి రావడమే దాని రుచి.

ఈ చలికాలాన్ని తెలుగువాళ్లూ చాలా ఏళ్లుగా పంచుకుంటున్నారు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాల నుంచి పద్మశాలి కుటుంబాలు మరమగ్గాల పని వెతుక్కుంటూ షోలాపూర్, భివండీ, సూరత్ చేరాయి. తెలంగాణలో చెరువులు ఎండిన ఏళ్లు ఈ వలసను ఇంకా పెంచాయి. సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలోనూ బడులు నడుపుతోందంటే మనవాళ్ల సంఖ్య ఊహించుకోవచ్చు. లింబాయత్ ప్రాంతంలో వాళ్ల ఇళ్లు ఎక్కువ. వానలు వెనుదిరిగే వేళ అక్కడి వీధుల్లో బతుకమ్మ ఆడతారు.

ఎక్కడో కురిసిన వాన

తాపీ మధ్యప్రదేశ్‌లోని ముల్తాయీలో పుట్టి, 724 కిలోమీటర్లు పడమరకు ప్రవహించి సూరత్ దగ్గర సముద్రంలో కలుస్తుంది. పరీవాహక ప్రాంతంలో ఎక్కువ భాగం మహారాష్ట్రలో ఉంది. అంటే సూరత్‌ను ముంచే వాన సూరత్‌లో పడదు. ఖాందేశ్‌లో రెండు రోజులు కుండపోత కురిస్తే, సూరత్‌లో ఎండ కాస్తున్నా వీధిలోకి నీళ్లు వస్తాయి.

1968 ఆగస్టులో దాదాపు 15 లక్షల క్యూసెక్కుల వరద సూరత్ మీదికి వచ్చింది. 1972లో ఎగువన ఉకాయీ ఆనకట్ట పూర్తయింది. రెండున్నర వందల టీఎంసీలకు పైగా పట్టే జలాశయం. అంతకుముందు 1950ల్లో కట్టిన కాక్రాపార్ ఆనకట్టతో కలిసి ఇది బార్డోలీ మైదానాన్ని పత్తి నుంచి చెరకుకు, వరికి మార్చేసింది. ఇక నది చెప్పుచేతల్లో ఉన్నట్టేనని నగరం నమ్మింది. ఒడ్డు మీదికి, వరద మైదానంలోకి ఇళ్లు జరిగాయి.

2006 ఆగస్టు మొదటి వారానికి జలాశయం బాగా నిండి ఉంది. ఎగువన భారీ వానలు పడ్డాయి. ఆనకట్ట నుంచి తొమ్మిది లక్షల క్యూసెక్కుల దాకా వదలాల్సి వచ్చింది. ఆగస్టు 9 శ్రావణ పౌర్ణమి. రాఖీ పండగ. పౌర్ణమి పోటుకు సముద్రం ఉబ్బి నది నీటిని వెనక్కి నెట్టింది. నగరంలో మూడొంతులకు పైగా మునిగింది. మేడల మీద జనం రోజుల తరబడి తాగునీటి కోసం ఎదురుచూశారు. నూటికి పైగా ప్రాణాలు పోయాయి.

ఉకాయీ పూర్తి నీటిమట్టం 345 అడుగులు. ఆ మట్టానికి వానాకాలం చివరనే చేరాలని, జూలై, ఆగస్టుల్లో వరద కోసం చోటు ఖాళీగా ఉంచాలని తేదీలవారీ నియమం ఉంది. సాగుకు, విద్యుత్తుకు, పరిశ్రమలకు నీరు కావాలనే ఆరాటం ఆ ఖాళీని తినేస్తుంది. 2006లో ముందే నీరు వదిలి ఉంటే ముంపు ఇంత ఉండేది కాదన్న విమర్శ అప్పటి నుంచీ వినిపిస్తూనే ఉంది.

నది ఒక్కటే కాదు. నగరం గుండా పారే వాగులను సూరతీలు ఖాడీలంటారు. తాపీ నిండకపోయినా, స్థానికంగా గట్టి వాన పడితే మీఠీ ఖాడీ పొంగి లింబాయత్, పర్వత్ పాటియా వైపు ఇళ్లలోకి వస్తుంది. దాన్ని ఖాడీపూర్ అంటారు. 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచిన బుడమేరును తలచుకుంటే విషయం ఇట్టే బోధపడుతుంది. తెలంగాణలో నీళ్లు లేక బయలుదేరిన కుటుంబం, సూరత్‌లో మోకాటి లోతు నీళ్లలో మంచాలు ఎత్తిపెట్టుకోవడం కన్నా బాధాకరమైన వైపరీత్యం ఏముంటుంది?

వరద వెనక రోగం. 1994 వరదల తర్వాత సెప్టెంబరులో ప్లేగు భయం పాకి లక్షల మంది రైళ్లెక్కి పారిపోయారు. 50 మందికి పైగా చనిపోయారు. 1995లో కమిషనర్‌గా వచ్చిన సూర్యదేవర రామచంద్రరావు అధికారులను రోజూ వీధుల్లోకి దింపి, చెత్త, మురుగు మీద యుద్ధం చేశారు. ఏడాదిన్నర తిరక్కుండానే సూరత్ దేశంలో శుభ్రమైన నగరాల వరసలో నిలిచింది. పల్లెల్లో మాత్రం వానాకాలపు జబ్బు ఇంకా ఉంది. వరి, చెరకు పొలాల బురదలో పనిచేసే కూలీలకు కాళ్ల పగుళ్ల నుంచి లెప్టోస్పైరోసిస్ సోకుతోంది. నగరానికి దక్కిన శ్రద్ధ ఆ కాళ్లకూ దక్కాలి.

మఖ నీళ్లు

ఈ ప్రాంతపు పాత ఇళ్లలో నేలకింద ఒక తొట్టి ఉండేది. టాంకా అంటారు. వాన మొదలవగానే దాన్ని నింపరు. తొలి వానలు కప్పును కడిగి పోవాలి. మఖ కార్తెలో, ఆగస్టు రెండో సగంలో, పడే వానను పట్టి దాచుకుంటే ఏడాది పొడవునా చెడదని నమ్మకం. ఆ నీటితోనే వంట, తాగుడు. మఖ, పుబ్బ కార్తెల వాన విలువ తెలుగు రైతుకూ తెలిసిందే.

ఆ తొట్టి కట్టిన పెద్దలకు ఉకాయీ నియమం వేరే ఎవరూ చెప్పనక్కర్లేదు. నింపాల్సిన కార్తె వచ్చేదాకా ఖాళీగా ఉంచడమే అందులోని విద్య. సువాలి వర్తకులు నాలుగు నెలలు తీరాన్ని అలలకు వదిలారు. నల్లరేగడి రైతు వాన తాగడానికి మట్టికి గడువిచ్చాడు. వాళ్లలో ఎవరూ వానను జయించామనుకోలేదు, దానికి చోటు ఉంచారు.

ఆషాఢ శుద్ధ సప్తమి తాపీ పుట్టినరోజు. సూర్యుడి కూతురని ఆ నదిని కొలుస్తారు. ఆ రోజు సూరత్ ఆడవాళ్లు ఒడ్డుకు వచ్చి నదికి చుందడీ సమర్పిస్తారు. ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు పరిచేంత పొడవైన చీర అది. చోమాసు మొదలైన తొలి రోజులవి, నది ఇంకా నిండుగా పారదు. చీర కొలత మాత్రం ఆనాటి నీటి వెడల్పు కాదు, ఒడ్డు నుంచి ఒడ్డుకు నదికి ఎంత కావాలో అంత. ఆ కొలతే ఊరు కట్టేవాళ్లకూ, ఆనకట్ట నింపేవాళ్లకూ గుర్తుండాలి.